పదిహేడు కత్తులు

దొరసానమ్మ టీవీఎస్ ఫిఫ్టీ హారన్ కొడితే
మా కాలనీలో కోడి కంటే ముందు పిలకాయలు లేచేవాళ్ళు.
దామలచెరువు మండీలో తోతాపురి దిగిందంటే చాలు
పల్పు ఫ్యాక్టరీకి
తలా ఒక కత్తి, తలా ఒక సద్ది క్యారియరు.
బండి మీద ముందర ఇద్దరు, వెనకాల ముగ్గురు,
మిగతావాళ్ళం పొగ వెంబడి పరుగు.

తలకి ఇరవై ఆమెకి, నూరు మా అమ్మకి.
చెంపల మీద సొన కాల్చిన మచ్చలు మాత్రం మావే.

అప్పుడు ఆమెని తిట్టినవాళ్ళు లేరు.
రేషన్ కార్డు కావాలన్నా, పెన్షన్ నిలిచిపోయినా,
పోలీసులు ఎవర్నన్నా ఎత్తకపోయినా
మా తరపున ముందు నడిచేది ఆమే గదా.

ఆ ఏడు, నీలం కాయ ఆఖరి లోడు రోజు
వేలాయుధం చెయ్యి మిషన్లోకి పోయింది.
తొమ్మిదేళ్ళు వాడికి.
గుజ్జు పసుప్పచ్చగా పోతా పోతా
ఒక్కచోట రంగు మారింది.
సూపర్‌వైజరు ముందు బెల్టు ఆపలేదు,
ముందు గేటు మూసినాడు.

చిత్తూరు పెద్దాసుపత్రి వరండాలో
దొరసానమ్మ మూడు రాత్రులు కూర్చునింది.
ఏమనుకునిందో ఎవరికీ చెప్పలా.
నేనూ అడగలా, ఇప్పటిదాకా.

మరుసటి ఎండాకాలం మళ్ళీ హారన్.
అలవాటు కొద్దీ కత్తులెత్తుకుని ఉరికినాం.
బండి ఫ్యాక్టరీ దోవ పట్టలేదు.
మూతబడిన బెల్లం మండీ ముందర ఆగింది.
లోపల ఈగలు, తుప్పు పట్టిన తూకం కాటా,
గోడకి నల్లరంగు పూసిన నాలుగు చెక్కలు,
యాదమరి నుంచి బస్సెక్కి వొచ్చిన
రిటైరైన అన్వర్ బాషా సారు.
"కత్తులు ఈడ పెట్టండి" అనింది.
పదిహేడు.
ఆమెకి చదువు రాదు గానీ లెక్క తప్పదు.

మా అమ్మ కొంగు నడుముకి దోపుకుని వొచ్చింది,
"నా నూరు యాడ, దొరసానీ?"
బదులు లేదు.
శనివారం శనివారం
ఇంటింటికీ సగం కూలి తన చేత్తోనే పంచింది.
రెండో వారానికి డబ్బులు అయిపోతే
బండి అమ్మేసింది. హారన్ మాత్రం పీకి
పాత బ్యాటరీకి తగిలించి గడప కాడ పెట్టుకునింది.
నెల తిరక్కముందే నలుగురు
మళ్ళీ ఫ్యాక్టరీ గేటు కాడ తేలినారు.
అందులో ఒకడు మా అన్న. అబద్ధం ఎందుకు.

హాజరు పట్టీ కొనలేదు.
పాత కూలి పుస్తకాన్నే తిరగేసి
వెనక పేజీ నుంచి మొదలుపెట్టింది.
వొస్తే పేరు పక్కన ఒక నిలువు గీత.
ముందు పేజీల్లోనూ అవే గీతలు, అదే చెయ్యి.
ఆ గీతకి ఇరవై రూపాయలు,
ఈ గీతకి ఒక ముద్ద సంగటి.

వేలాయుధం కూడికలు
ఎనిమిది దాకా గబగబా చేసేవాడు.
తొమ్మిది కాడ కిటికీలోంచి బయటికి చూసేవాడు.
బాషా సారు చూసీ చూడనట్టు
తన రెండు వేళ్ళు వాడి పలక పక్కన ఆనించి
వేరే ఎవరితోనో మాట్లాడతా ఉండేవాడు.

ఇప్పుడు బడికి కొత్త రేకులున్నాయి,
నూట నలభై మంది ఉన్నారు.
మూడో తరగతికి నేనే చెప్తాను.
కత్తులు వంటింట్లో వంకాయలు తరుగుతున్నాయి,
ఒకటి పిడి ఊడిపోయింది.

పోయినేడు ఎవరో శాలువా కప్పి
దొరసానమ్మని దేవత అన్నారు.
ఆ సాయంత్రమే నన్ను పిలిపించింది.
"పుస్తకంలో ముందు పేజీలు చింపబాకు మే.
మళ్ళీ ఎవరన్నా ఆ మాటంటే
అక్కణ్ణించి చదివి వినిపించు."

తెరిచినాను.
మూడో పేజీలో నా పేరు,
పక్కన ముప్పైతొమ్మిది గీతలు.
అప్పుడే రోడ్డు మీద మామిడి లారీ పోయింది.
వాసనకి క్లాసంతా ఒక్కసారి తల తిప్పింది,
నోరూరి, అంతే.
నా చెయ్యి మాత్రం
చెంప మీదికి పోయింది.